మొదటి ముద్ద

నెల రోజులుగా ప్రసూన తన చాయ్‌ని మల్లెచెట్టుకు పోస్తోంది. వరండాలో కుండీ పక్కన పీట వేసుకుని కూర్చోవడం, గ్లాసు పెదాలకు ఆనించినట్టు చేయడం, వంటగది వైపు ఒక కన్నేసి చటుక్కున కుండీలోకి ఒంపేయడం. ఆ తర్వాత ఖాళీ గ్లాసు చూపించి "మంచిగున్నది బిడ్డా" అనడం. ఇంత నటన ఆమె తన పెళ్ళిచూపుల్లో కూడా చేసి ఉండదు.

చాయ్ పెట్టేది అనసూర్య. భర్త అన్నంలో పురుగుల మందు కలిపి చంపిందని కేసు ఉన్న మనిషి. ఆమెను బెయిలు మీద బయటికి తెచ్చి ఇంట్లో పెట్టుకున్నది ఎవరో కాదు, ఈ ప్రసూనే.

తెచ్చినప్పుడు ఎంత ధైర్యం! సిద్దిపేటలో వాళ్ళది చిన్న సంఘం. రేకుల కప్పు ప్రార్థన మందిరం, చాపల మీద కూర్చునే జనం. సంఘం ఆడవాళ్ళు నెలకోసారి బస్సెక్కి జైలుకు పోయి ఆడఖైదీలను పలకరించి వస్తారు. ఖైదీని చూడబోవడమంటే ప్రభువును చూడబోవడమేనని పాస్టరుగారు చెప్పిన మాట మిగతావాళ్ళ చెవుల్లో పడితే, ప్రసూన గుండెలో పడింది. కుట్టాల్సిన బ్లౌజులన్నీ పక్కన పడేసి, టిఫిన్ డబ్బా నిండా ఏదో ఒకటి వండుకుని అందరికంటే ముందు బస్టాండులో నిలబడేది.

ఆ జైల్లో ఒక పద్ధతి ఉంది. బయటి నుంచి తిండి తెచ్చినవాళ్ళు ముందుగా వార్డరమ్మ కళ్ళ ముందు ఒక ముద్ద తినాలి. అందులో ఏమీ కలపలేదని అదే రుజువు. మిగతా ఆడవాళ్ళకు అది నామోషీ. ప్రసూనకు మాత్రం సరదా. "నా కూర నేను తినేటందుకు నాకేం భయమమ్మా" అంటూ రెండో ముద్ద కూడా లాగించేది.

ఖైదీలకూ చూడవచ్చినవాళ్ళకూ నడుమ ఉండే ఇనుప జాలీ అవతల నుంచి అదంతా అనసూర్య చూస్తుండేది. చంద్లాపూర్ అవతల ఒక పల్లె ఆమెది. భర్త నరహరి చనిపోగానే అత్తింటివాళ్ళు కేసు పెట్టారు, కూతురు మైత్రిని తమ దగ్గరే ఉంచుకున్నారు. పుట్టింటివాళ్ళు ఒక్కసారి కూడా ములాఖత్‌కని జైలుకొచ్చి పలకరించలేదు. కోర్టు బెయిలు ఇచ్చింది గానీ, జామీను నిలబడేవాళ్ళు లేక తలుపు తెరిచిన పంజరంలోనే ఉండిపోయింది. ఒకరోజు జాలీకి ముఖం ఆనించి అడిగింది.

"అమ్మా, నేను వండిపెడితె తింటవా?"

"ఎందుకు తినను బిడ్డా? కడుపునిండ తింట" అంది ప్రసూన. నడుమ ఇనుప జాలీ ఉండగా అనడానికి ఎంత తేలికైన మాట అది!

నువ్వు చేశావా లేదా అని ప్రసూన ఎన్నడూ అడగలేదు. అడగకపోవడమే పెద్ద కరుణ అనుకుంది. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనన్న భయం ఆ కరుణలో ఎంత కలిసి ఉందో అప్పుడు చూసుకోలేదు. మొగుడి వెంటపడింది. రాజమల్లయ్య ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. బోల్టు బిగించే ముందు కూడా నాలుగుసార్లు చూసుకునే రకం. పదిహేను రోజులు సణిగాడు, చివరకు ఇంటి కాగితాలు జామీను పెట్టాడు. అనసూర్య ఇంటికొచ్చిన రోజు నుంచి మాత్రం ఆయన చాయ్ ముస్తాబాద్ చౌరస్తా హోటల్లోనే. ఇంట్లో చాయ్ డాక్టరు వద్దన్నాడట. హోటల్ చాయ్ తాగమన్నాడట. అలాంటి డాక్టరు ఎక్కడున్నాడో చెబితే ఊరంతా వరసకట్టేది.

అన్నం, కూర ప్రసూనే వండేది. "జైల్ల కష్టపడ్డవ్, రెస్ట్ తీసుకో" అని తీయగా వంటింట్లోంచి తప్పించేది. కానీ వాళ్ళిద్దరినీ అమ్మా, బాపూ అని పిలిచే అనసూర్య చాయ్ దగ్గర మాత్రం వినలేదు. "గీ ఒక్క పనన్న నాకియ్యి అమ్మా" అంది. ఇచ్చాక చూడాలి. గ్లాసు చేతికందించే ముందు అందులోంచి కొద్దిగా తన అరచేతిలో పోసుకుని, ప్రసూన కళ్ళ ముందే తాగి, చెయ్యి చీర కొంగుకు తుడుచుకునేది. ఎవరూ తాగమనలేదు, ఆ అలవాటు జైలు నేర్పింది. మొదటిరోజు అది చూసి ప్రసూనకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కళ్ళు తుడుచుకుంది, చాయ్ తీసుకెళ్ళి మల్లెచెట్టుకు పోసింది. సిగ్గు సిగ్గే, భయం భయమే. రెండూ ఒకే మనిషిలో హాయిగా కాపురం చేశాయి.

రోజూ పొద్దున లేవగానే ఆమె మొదట చూసేది మల్లె ఆకులను. వాడాయా, పసుపెక్కాయా అని. అదేమో ఆ ఎండాకాలంలో వీధిలో ఏ చెట్టూ పూయనంత విరగబూసింది. చూసి కూడా ప్రసూన చాయ్ తాగలేదు.

శనివారం మధ్యాహ్నం రెండు సంగతులు జరిగాయి. ఒకటి, కుట్టుమిషన్ సూది ప్రసూన కుడిచేతి చూపుడు వేల్లో దిగింది. దవాఖానకు పోయి కట్టు కట్టించుకుని వచ్చింది. రెండోది, తలుపు చౌకట్టుకు మళ్ళీ చెదలు పట్టిందని రాజమల్లయ్య బాత్రూం అటక మీద మందు సీసా కోసం చెయ్యి పెట్టాడు. సీసా లేదు.

వెతికాడు. స్టూలెక్కి వెతికాడు. దిగి వచ్చి పడకగది తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి అడిగాడు.

"చెదల మందు సీసా నువ్వు తీసినవా?"

"నేనెందుకు తీస్త?"

"నేను తియ్యలే. నువ్వు తియ్యలే. ఇగ ఇంట్ల ఎవరున్నరు?"

గోడ అవతల అనసూర్య బట్టలు మడతపెడుతున్న చప్పుడు వినిపిస్తోంది. పోయి అడిగితే ఒక్క నిమిషంలో తేలేది. ఇద్దరిలో ఒక్కరికీ కాళ్ళు కదల్లేదు. అడిగితే అనుమానించినట్టు, అడగకపోతే ప్రాణం మీదికి వచ్చినట్టు.

"సోమవారం వకీలు దగ్గరికి పోదాం" అన్నాడు రాజమల్లయ్య. "జామీను వాపస్ తీసుకుంటమని కోర్టుల దరఖాస్తు పెడదాం. మనమేం చంపుతలేం గద ఆమెను. ఉన్నకాడికే పోతది."

ఉన్నకాడికి అంటే జైలుకు. ఇంకో జామీను దొరకదు. కేసు ఎప్పుడు తేలుతుందో ఎవరికీ తెలియదు. మైత్రికి అప్పటికి తల్లి ముఖం గుర్తుంటుందో లేదో. ఇవన్నీ ప్రసూనకు తెలుసు. తెలిసి కూడా "ఊ" అంది. జైలు గేటు దగ్గర అంత గట్టిగా వినిపించే ఆ గొంతులోంచి ఆ రోజు వచ్చింది అంతే.

మర్నాడు నెలలో మొదటి ఆదివారం. ప్రభువు బల్ల రోజు, యేసు చివరి విందును తలుచుకుని సంఘమంతా ఒకే రొట్టె పంచుకుని తినే రోజు. వాళ్ళ సంఘంలో బల్ల మీద పెట్టే రొట్టెను కొనరు. ఇంటికొక నెల వంతు. వంతు వచ్చిన ఇంటి ఆడమనిషి తెల్లవారకముందే స్నానం చేసి, ప్రార్థన చేసుకుని, ఉప్పు లేకుండా గోధుమపిండి పిసికి పెంక మీద కాల్చి తేవాలి. ఆ నెల వంతు ప్రసూనది. కట్టు కట్టిన వేలితో పిండి ఎలా పిసకాలా అని ఆలోచిస్తూనే పడుకుంది. లేచి వంటింట్లోకి వచ్చేసరికి అనసూర్య తలస్నానం చేసి, తడిజుట్టు ముడేసుకుని, నవ్వుతూ నిలబడి ఉంది. పళ్ళెంలో తెల్లబట్ట మీద గుండ్రటి రొట్టె.

"నీ వేలుకు కట్టున్నది గదమ్మా, అందుకని నేనే చేసిన. నువ్వు నిన్న చెప్పినట్టే ఉప్పు వెయ్యలే" అంది. తర్వాత కొంచెం తడబడింది. "రుచి మాత్రం చూడలే. దేవుని రొట్టె గద, ముందుగాల నేను తినొద్దని ఆగిన."

ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి తను పెట్టిన ప్రతి చాయ్‌నీ ముందు తాను తాగి చూపిన మనిషి, ఈ ఒక్కదాన్ని మాత్రం రుచి చూడలేదు. భక్తితోనే చూడలేదు. సీసా కనిపించని మర్నాడు. ప్రసూన నవ్వుదామనుకుంది గానీ ముఖం సహకరించలేదు.

మందిరం ఊడ్చి చాపలు పరవాలని అనసూర్య ముందే నడిచి వెళ్ళింది. ఆమె మతం మారలేదు, ప్రసూన మారమనలేదు. ఆదివారం వచ్చి వెనక చాప మీద కూర్చుంటుంది, పాటలు వింటుంది, బల్ల దగ్గరికి మాత్రం రాదు. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళకే ఆ రొట్టె.

ఆమె మలుపు తిరిగేదాకా రాజమల్లయ్య గేటు దగ్గరే నిలబడి చూశాడు.

"ఆ రొట్టె పెడ్తవా బల్ల మీద? చిన్నపోరగాండ్లు, ముసలోళ్ళు తింటరు. ఏమన్నయితే? ప్రసూనా, ఏమన్నయితే?"

ప్రసూన చేతిలోని రొట్టెను చూసింది. తన ప్రాణం ఒక్కటే అయితే ఒక లెక్క. సంఘమంతా తినే రొట్టె అది. దారిలో ఆయన బేకరీ ముందు బండి ఆపాడు. ఆమె దిగి బ్రెడ్డు కొన్నది. రొట్టెను అక్కడే చెత్తడబ్బాలో వేయమన్నాడు. డబ్బా మూత ఎత్తింది గానీ చెయ్యి రాలేదు. బల్ల కోసం చేసిన రొట్టె. తెల్లబట్టతో సహా చుట్టి చేతిసంచిలో అడుగున పెట్టుకుంది.

మందిరంలో పళ్ళెం అందుకుంటూ పాస్టరుగారు బ్రెడ్డు చూసి కనుబొమలు ఎగరేశారు. "ఇదేందమ్మా?"

"వేలికి సూది దిగింది అయ్యగారూ" అంది ప్రసూన, కట్టు చూపిస్తూ. అబద్ధం కాదు. అందుకే అంత నున్నగా వచ్చింది నోట్లోంచి.

పాటలు అయ్యాయి, వాక్యం అయింది. ఆమె చెవికి ఒక్క మాట ఎక్కలేదు. పాస్టరుగారు బల్ల దగ్గరికి వచ్చి, ప్రార్థన చేసి, పళ్ళెం మీది బట్ట తీశారు. చాపల మీద చిన్న గుసగుస లేచి అణిగింది. ప్రసూన వెనక్కి తిరగకూడదనుకుంది. తిరిగింది.

చివరి చాప మీద అనసూర్య మెడ నిక్కించి పళ్ళెం వైపు చూస్తోంది, తన రొట్టె కోసం. పైన ఎర్రగా, లోపల తెల్లగా ఉన్న బేకరీ బ్రెడ్డును చూసింది. మళ్ళీ చూసింది. కోపం రాలేదు ఆ ముఖంలోకి. కోపం వచ్చినా బాగుండేది. ములాఖత్ పిలుపుల్లో అందరి పేర్లూ అయిపోయి తన పేరు రానప్పుడు జైల్లో ఆమె ముఖం ఎలా ఉండేదో, అచ్చం అలాగే ఉంది. కాసేపటికి లేచి, కొంగు సర్దుకుని, చప్పుడు కాకుండా బయటికి నడిచింది.

పళ్ళెం ఆడవాళ్ళ వైపు వచ్చింది. ప్రసూన అరచేతిలో బ్రెడ్డు ముక్క పడింది. అందరూ కళ్ళు మూసుకుని నోట్లో వేసుకుంటున్నారు. ఆమె చెయ్యి లేవలేదు. నువ్వు పెడితే తింటానని జాలీ దగ్గర మాట ఇచ్చి, చెట్టుకు పోసి, సంచిలో దాచి, ఇప్పుడు ప్రభువు బల్ల దగ్గర ఏ ముఖంతో తినడం? ఆమెకు తన మీద తనకే అసహ్యం పుట్టింది. ముక్కను పళ్ళెంలో తిరిగి పెట్టేసింది. పక్కనున్నావిడ కళ్ళు తెరిచి నోరు తెరిచింది. మగవాళ్ళ వైపు నుంచి రాజమల్లయ్య కళ్ళతోనే వద్దన్నాడు. ప్రసూన సంచి భుజానికి తగిలించుకుని లేచి బయటికి వెళ్ళింది.

అనసూర్య మెట్ల మీద కూర్చుని చెప్పుల బెల్టు పెట్టుకుంటోంది.

"ఏడికి పోతున్నవ్?"

"ఠాణాకు" అంది తలెత్తకుండా. "నిన్న మీరు మాట్లాడుకున్నది ఇన్పించింది అమ్మా. గోడ పల్చటిది. బల్ల మీద నా రొట్టె పెడ్తరేమోనని ఇప్పటిదాక ఆశపడ్డ. నా అంతట నేనే పోతె మీకు కోర్టు చుట్టు తిరుగుడు తప్పుతది. బాపు ఇంటి కాగితాలు బాపుకొస్తయి."

ప్రసూన ఆమె పక్కన మెట్టు మీద కూలబడింది. సంచిలోంచి తెల్లబట్ట మూట తీసి ఒళ్ళో విప్పింది. రొట్టె చల్లారి అట్టలా ఉంది. దాన్ని చూసి అనసూర్య కళ్ళు మెరిశాయి. పారేశారనుకుంది కాబోలు. వెంటనే చెయ్యి చాచింది, అలవాటు ప్రకారం, ఒక ముక్క తుంచి తాను ముందు తిని చూపించడానికి.

ప్రసూన ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దు. నువ్వు ముందు తినొద్దు."

"మరి నీకు..."

"నాకు భయమైతున్నది బిడ్డా. అబద్ధం చెప్ప. నెల రోజుల సంది నీ చాయ్ చెట్టుకు పోస్తున్న."

"తెలుసు" అంది అనసూర్య. "నీళ్ళు పోసేది నేనే గద. మట్టి చాయ్ వాసనొస్తది."

"తెలిసి గూడ రోజు పెట్టినవా?"

"అడిగితె పెట్టుడే బంద్ చేపిస్తవని అడగలే."

ప్రసూన ఎడమచేత్తో రొట్టె తుంచింది. కనపడని సీసా గుర్తుకొచ్చింది, నరహరి గుర్తుకొచ్చాడు. ఆ క్షణాన ఆమెకు అనసూర్య మీద నమ్మకం కలిగిందని చెబితే అది కల్పన అవుతుంది. కలగలేదు. భయం అలాగే ఉంది. భయం పోయాక తిందామంటే ఈ జన్మలో తినడం కుదరదని మాత్రం అర్థమైంది. నోట్లో పెట్టుకుంది.

"ప్రసూనా! ఉమ్మెయ్!"

రాజమల్లయ్య గుమ్మంలో ఉన్నాడు. చెప్పులు కూడా లేకుండా మెట్లు దిగి పరుగెత్తుకొచ్చాడు. "ఉమ్మెయ్యే, నీకు దండం పెడ్త, ఉమ్మెయ్!"

ఆమె ఆయన ముఖంలోకి చూస్తూ నమిలింది. ఉప్పులేని రొట్టె, తడి లేని నోరు. ఎంతకీ దిగదు. రెండుసార్లు గుటకేసి మింగింది. జైలు గేటు దగ్గర వార్డరమ్మ ముందు ఎలా చేసేదో అలాగే, ఇంకో ముక్క కూడా తుంచి తిన్నది. ఆ తర్వాత, ఇన్నాళ్ళకు, అడిగింది.

"బిడ్డా, నరహరికి నువ్వు పెట్టినవా మందు?"

అనసూర్య తలెత్తి చూసింది. "లేదమ్మా" అంది. "చెయ్యలే. తనే తాగిండు." ఆమె ఏడవడం ప్రసూన మొదటిసారి చూసింది. జాలీ అవతల ఉన్నన్నాళ్ళూ ఏడవని మనిషి మెట్ల మీద తల వాల్చి చిన్నపిల్లలా వెక్కింది. "పోలీసోళ్ళు ఒప్పుకొమ్మన్నరు. వకీలు గట్ల చెప్పు గిట్ల చెప్పు అన్నడు. చేసినవా అని అడిగినోళ్ళు లేరమ్మా. నువ్వన్న అడుగుతవని చూసిన."

అడగకపోవడమే కరుణ అనుకున్న ప్రసూన తలదించుకుంది.

రాజమల్లయ్యకు ఇవేవీ పట్టలేదు. ఆయనకు ఒకటే ప్రశ్న. "సీసా ఏడున్నది? బాత్రూంల మందు సీసా ఏడ పెట్టినవ్, చెప్పు!"

"అది గూడ అడుగుతరనే చూసిన." అనసూర్య ముక్కు తుడుచుకుంది. "వచ్చిన వారమే చెత్తబండోళ్ళకు ఇచ్చిన బాపూ. తడి చెత్త, పొడి చెత్త కాక పాడు చెత్త అని వేరేగ తీసుకుంటరు గద, అండ్ల ఏసిన. అసొంటి సీసా ఉన్న ఇంట్ల నాకు నిద్ర పట్టలే. మీకు చెప్తె ఏమనుకుంటరో అని చెప్పలే."

ఆయన నమ్మాడో లేదో ఆయనకే తెలియదు. ఇంటికి వచ్చాక మధ్యాహ్నమంతా ప్రసూన ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కడుపులో నొప్పా, తల తిరుగుతోందా, కళ్ళు మసకలా అని అడిగిందే అడిగాడు. బండి తాళం జేబులోనే పెట్టుకున్నాడు, దవాఖానకు పరుగెత్తాలంటే చేతికి అందాలని. ప్రసూనకూ ప్రతి తేన్పుకూ గుండె జారింది. జారినా పైకి చెప్పలేదు. వంటింట్లో అనసూర్య కూడా అన్నం ముట్టకుండా గోడకానుకుని కూర్చుంది, ఈ నిరీక్షణ తన రొట్టె వల్లనేనని తెలిసి. ఎండ వరండా దాటి మల్లెచెట్టు మీదికి జరిగింది. ప్రసూనకు ఏమీ కాలేదు. ఆకలి మాత్రం దంచేసింది.

"ఏందయ్యా గట్ల చూస్తవ్?" అంది చివరికి. "రేపు వకీలు దగ్గరికి నేను రాను. పోతె నువ్వొక్కనివే పో."

రాజమల్లయ్య లేచి చౌకట్టు మీది చెదల మట్టిని గోటితో గీకాడు. తర్వాత బండి తాళం తీసి మేకుకు తగిలించాడు. వంటింటి గుమ్మం దాకా పోయి, లోపలికి చూడకుండా, గోడకు చెప్పినట్టు చెప్పాడు.

"చాయ్ పెట్టు బిడ్డా. ముగ్గురికి."

స్టవ్ వెలిగిన చప్పుడైంది. కాసేపటికి అనసూర్య మూడు గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని వచ్చింది. రాజమల్లయ్యకు ఇవ్వాల్సిన గ్లాసు చేతిలోకి తీసుకుని, ఎప్పటిలాగే కొద్దిగా తన అరచేతిలోకి ఒంపబోయింది. రాజమల్లయ్య గ్లాసు పట్టుకున్నాడు.

"నాది నాకియ్యి" అన్నాడు. "నీది నువ్వు తాగు."